తట్టింది తెలియలేదు

ఆట మానేసి ఆరేళ్ళవుతున్నా సాధన చేసే హాల్లో అందరూ అతన్ని ఉడుము అనే పిలిచేవాళ్ళు. పట్టుకుంటే వదలడని వయసులో ఉన్నప్పుడు ఎవరో పెట్టిన పేరు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వినియోగంలో లేదు. టిక్కెట్టు కొనుక్కొచ్చిన జనం ముందు, చుట్టూ ఇనప జాలీ బిగించిన అరుగు మీద, ఎదుటివాణ్ణి కింద పడేసి మెలిపెట్టి ఓడించడం అతని వృత్తి. గుద్దులూ తన్నులూ కూడా చెల్లే ఆటే గానీ, అతని విద్యంతా పట్టులో ఉండేది. పదిహేడేళ్ళు ఆడాడు. నలభై ఆరేళ్ళ వయసులో ఇప్పుడు అదే హాల్లో శిక్షకుడు.

ఆ పదిహేడేళ్ళూ ఎక్కడికీ పోలేదు, ఒంట్లోనే ఉన్నాయి. చెవులు రెండూ నలిపి అతికించిన పిండిముద్దల్లా ఉండేవి. మెట్లెక్కుతుంటే కుడి మోకాలు ముందుగా చప్పుడు చేసి, ఆ తర్వాతే వంగేది. మెడ తిరగదు గనక ఎవరు పక్కనుంచి పలకరించినా నడుముతో సహా తిరిగి చూసేవాడు. కొత్తవాళ్ళు దాన్ని దర్జా అనుకునేవాళ్ళు. వీటిలో దేనితోనూ అతనికి పేచీ లేదు. నొప్పి ఉన్నంతకాలం ఏ భాగం ఎక్కడుందో తెలుస్తూనే ఉండేది.

తెలియకపోవడం మొదలయ్యాకే వచ్చింది తంటా. ఒకరోజు ఇంటి తలుపు దగ్గర నిలబడి జేబులో చెయ్యి పెడితే, వేళ్ళకి తగిలింది తాళంచెవో చిల్లర నాణెమో అర్థం కాలేదు. బయటికి తీసి కళ్ళతో చూసుకున్నాడు. నాణెం. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ నాణెమే. మరికొన్నాళ్ళకి వీధిలో నడుస్తుంటే వెనకనుంచి ఎవరో పెద్దావిడ, "నాయనా, చెప్పు అక్కడే వదిలేశావ్," అని కేకేసింది. చూసుకుంటే ఎడమ కాలు ఒట్టిదే. పది అడుగుల వెనక రోడ్డు మధ్యలో చెప్పు.

ఎవరికీ చెప్పలేదు. గుండీలున్న చొక్కాలు మానేసి బనీనుల్లాంటివి తొడుక్కోవడం మొదలుపెట్టాడు. భార్య కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, ఊడిన మరలు తిరిగి వెయ్యడం ఆమె పని. "ఏంటి, ఈ వయసులో మీకు షోకులు పుట్టుకొచ్చాయి?" అని నవ్వింది. అతనూ నవ్వి ఊరుకున్నాడు.

ఆ మంగళవారం పొద్దున హాల్లో పన్నెండుమంది ఉన్నారు. వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించే పట్టు ఎలా పూర్తి చెయ్యాలో చూపిస్తున్నాడు. పట్టు చూపించడానికి బావమరిదిని పిలిచాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చి, పదకొండు పోటీలు వరసగా గెలిచినా ఇంట్లో వాడి పేరు చిన్నోడే. ఆ పేరు హాలుకీ పాకింది. ఉడుము చేతిలోనే ఆట నేర్చుకున్నాడు.

పట్టులో ఉన్నవాడు ఇక చాలనుకుంటే చేత్తో రెండుసార్లు తడతాడు. ఎదుటివాడి చెయ్యి మీదో, కాలి మీదో, నేల మీదో. తట్టగానే వదిలెయ్యాలి. ఈ ఆటలో దొంగలూ తాగుబోతులూ మాట తప్పేవాళ్ళూ అందరూ ఉన్నారు గానీ, తట్టాక వదలనివాణ్ణి మాత్రం ఎవరూ మనిషిగా చూడరు.

"చూడండి, బలమంతా చేతుల్లో ఉందనుకుంటారు. కాదు. వీపుతో లాగాలి," అంటూ ఉడుము చిన్నోడి మెడని ఎడమ మోచేతి మడతలో ఇరికించి, ఎదురుగా కూర్చున్నవాళ్ళ వంక చూస్తూ చెప్పుకుపోతున్నాడు. చిన్నోడు అతని ఎడమ ముంజేతి మీద తట్టాడు. ఉడుము చెబుతూనే ఉన్నాడు. మళ్ళీ తట్టాడు. కూర్చున్నవాళ్ళు అది కూడా పాఠంలో భాగమే అనుకున్నారు. చిన్నోడి చెయ్యి జారి పక్కకి పడిపోయింది.

"సార్! వదలండి సార్! పోయాడు!" అని లేచి అరిచింది పిడుగు. తెల్లవారుజామున సరుకుల వ్యాను నడిపి, ఆ తర్వాత సాధనకొచ్చే ఆడమనిషి.

వదిలాడు. చిన్నోడు తడిగుడ్డలా కిందికి జారాడు. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, మడమలు చాప మీద టకటక కొట్టుకుంటున్నాయి. పిడుగు వాడి కాళ్ళు పైకెత్తి పట్టుకుంది. ఎవరో నీళ్ళకి పరిగెత్తారు. ఉడుము ఉన్నచోటే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. పది క్షణాలకి చిన్నోడు ఊపిరి గట్టిగా లాగి, చుట్టూ చూసి, తానెక్కడున్నాడో గుర్తు తెచ్చుకున్నాడు.

"ఎన్నిసార్లు తట్టాలి బావా నీకు?" అన్నాడు నవ్వబోతూ.

"తట్టావా?" అన్నాడు ఉడుము.

వాడి నవ్వు ఆగిపోయింది. ఇంకెవరూ కూడా నవ్వలేదు.

సంగతి అతనికన్నా ముందే ఇంటికి చేరింది. అతను వచ్చేసరికి భార్య కుర్చీ లాగి ఎదురుగా వేసి కూర్చుని ఉంది.

"చెయ్యి ఇలా ఇవ్వండి. కళ్ళు మూసుకోండి."

"ఇప్పుడేంటి ఈ ఆటలు?"

"మూసుకోమన్నానా."

మూసుకున్నాడు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. కిటికీ అవతల ఎవరో బట్టలు దులుపుతున్నారు. కాసేపటికి విసుగొచ్చి, "ముట్టుకో మరి, ఎంతసేపు?" అన్నాడు.

 కళ్ళు తెరిచాడు. దుకాణంలో మరలు బిగించే సన్నటి స్క్రూడ్రైవరు మొన అతని చూపుడువేలి మీద ఆనించి ఉంది. అప్పటికే చర్మం మీద మూడు గుంటలు పడి ఉన్నాయి.

"ఎప్పట్నించి?" అంది.

"తెలీదు. ఏడాది. కాస్త అటూ ఇటూ."

"నాకెందుకు చెప్పలేదండీ?"

దానికి జవాబు వెతికాడు. సిగ్గూ కాదు, భయమూ కాదు. చెప్పడానికి నొప్పేమీ లేకపోయింది. నొప్పి లేనిదాన్ని ఎలా మొదలుపెట్టి చెప్పాలో అతనికి తెలియలేదు. "ఏమో," అన్నాడు. ఆమె స్క్రూడ్రైవరుని సంచిలో పెట్టుకుని, లోపలికెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

స్కాన్ తీయించారు. డాక్టరమ్మ తెర మీద మెడ బొమ్మ పెట్టి, పెన్ను మొనతో చూపిస్తూ నిదానంగా చెప్పింది. "ఇది వెన్నుపాము. ఇక్కడ, ఇక్కడ, ఎముకల మధ్య మెత్తటి బిళ్ళలు అరిగి వెనక్కి తోసుకొచ్చాయి. నీళ్ళ పైపు మీద కాలు పెట్టి తొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంది. మీ వయసు నలభై ఆరు. ఈ మెడకి డెబ్బై దాటాయి. పెద్ద దెబ్బేమైనా తగిలిందా ఎప్పుడైనా?"

గుర్తు చేసుకున్నాడు. పెద్ద దెబ్బ అంటూ ఏదీ లేదు. పద్నాలుగో ఏటినుంచి రోజూ పొద్దున్నే నడినెత్తి నేలకానించి, ఒంటి బరువంతా మెడ మీద వేసి ముందుకీ వెనక్కీ ఊగేవాడు, మెడ గట్టిపడుతుందని. రోజుకి ఓ పాతికమంది ఆ మెడని పట్టి కిందికి గుంజేవాళ్ళు. అతను వాళ్ళ మెడలు గుంజేవాడు. పోటీల్లో పోయింది తక్కువ. సాధనలోనే పోయింది, కొంచెం కొంచెంగా, ఆదివారాలు తప్ప.

"దెబ్బ కాదమ్మా. రోజూ చేసిన పనే," అన్నాడు.

"ఆపరేషన్ చెయ్యాలి. గొంతు ముందువైపు నుంచి. పోయిన స్పర్శ తిరిగొస్తుందని చెప్పలేను. మిగిలింది పోకుండా ఆపడానికే. ఈలోగా కుస్తీ పట్లు బంద్. ఒకసారి మెడ గట్టిగా మెలిపడితే చేతులతో ఆగదు, కాళ్ళు కూడా పోతాయి."

భార్య తేదీలు అడిగింది, మందులు అడిగింది, అన్నీ రాసుకుంది. అతను తెర మీది బొమ్మ వంక చూస్తూ కూర్చున్నాడు. ఏడుపో కోపమో వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. ఏదీ రాలేదు. బయటికొచ్చాక ఆకలేస్తోందని మాత్రం తెలిసింది.

ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో అతనికి తెలిసిన మనిషి ఒక్కడే. రోలు. పొట్టిగా, గుండ్రంగా, ఎంత తోసినా కదలనివాడు కాబట్టి రోలు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇద్దరికీ పోటీ పడింది. మూడో రౌండులో రోలు తల ఉడుము చంకలో చిక్కింది. మెలిపెట్టాడు. ఏదో పుటుక్కుమన్న చప్పుడు చెవికి వినిపించలేదు గానీ పక్కటెముకలకి తెలిసింది. ఆ తర్వాత రోలు మళ్ళీ అరుగెక్కలేదు. ఉడుము ఒక్కసారి కూడా చూడ్డానికి వెళ్ళలేదు.

ఇప్పుడు రోలు ఊరి చివర మొక్కలు అమ్మే నర్సరీ నడుపుతున్నాడు. ఉడుము వెళ్ళేసరికి మణికట్టుకి గొట్టం తగిలించుకుని కుండీలకి నీళ్ళు పడుతున్నాడు. పిలుపు విని ఒళ్ళంతా తిప్పి చూశాడు. ఇటు ఉడుము కూడా అలాగే తిరిగి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు రెండు బీరువాల్లా ఎదురెదురుగా చూసుకున్నారు.

"వచ్చావా! నువ్వు కూడా మా జట్టులోకి వచ్చేశావా?" అన్నాడు రోలు పగలబడి నవ్వుతూ. "కూర్చోరా. అక్కడ కాదు, అది విరిగింది. ఇలా ఈ బల్ల మీద."

టీ తాగుతూ రోలు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు మింగుడు పడదు, కంగారు పడకు. గొంతు బొంగురుపోతుంది, మళ్ళీ వస్తుంది. మెడపట్టీ కింద దురద పుడితే దువ్వెన తోక పెట్టి గోక్కో. "ఒక్కటే కష్టం. మా ఆవిడ ఏ పక్కనుంచి తిట్టినా మొత్తం మనిషినీ తిప్పి వినాలి. మధ్యలో తప్పించుకోవడానికుండదు."

లోపల్నుంచి, "వింటూనే ఉన్నా," అంది వాళ్ళావిడ.

ఉడుము గ్లాసుని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని తాగాడు. తాగడం అయ్యాక అన్నాడు.

"ఆరోజు నువ్వు తట్టావ్. నాకు తెలిసింది. తెలిసి కూడా ఒక క్షణం పట్టి ఉంచాను."

"తెలుసు," అన్నాడు రోలు.

"తెలుసా?"

"మెడ నాది కదరా." గొట్టాన్ని పక్క కుండీకి మార్చాడు. "నువ్వేదో ఒక్కడివే నా మెడ విరిచేశానని ఇన్నేళ్ళూ మోస్తున్నావేమో. అంత గొప్ప పెట్టుకోకు. ఇరవై ఏళ్ళపాటు దాన్ని గుంజినవాళ్ళందరూ నా మెడలో ఉన్నారు. నీది అందులో ఒక వాటా. నేను పట్టి ఉంచిన క్షణాలు ఎవరెవరి ఒళ్ళలో ఉన్నాయో నాకు మాత్రం తెలుసా ఏంటి?"

బరువు దిగుతుందేమో అనుకున్నాడు ఉడుము. దిగలేదు. అసలు బరువు ఉందో లేదో కూడా తేలలేదు.

వెళ్ళడానికి లేస్తుంటే రోలు అడిగాడు. "మీ బావమరిది చేతులెలా ఉన్నాయి?"

"వాడికేం? గుండ్రాయిలా ఉన్నాడు."

"టీవీలో చూశాలే. గెలిచి చెయ్యెత్తే ముందు ఎడమ చెయ్యి ఇలా దులుపుకుంటున్నాడు. నీళ్ళు విదిలించినట్టు." రోలు తన చెయ్యి విదిలించి చూపించాడు. "నేనూ దులుపుకునేవాణ్ణి. తిమ్మిరి కదా, దులిపితే పోతుందనుకునేవాణ్ణి."

మర్నాడు హాల్లో అందరూ వెళ్ళిపోయాక చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు ఉడుము. చాపల మీద చెమట తుడిచిన వాసన. పైన ఫ్యాను ఒకటి తిరుగుతోంది.

"ఎడమ చేతిలో ఏ వేళ్ళు?"

చిన్నోడు అబద్ధం ఆడదామని నోరు తెరిచి, బావ మొహం చూసి మానుకున్నాడు. "చిటికెనవేలు. పక్కది. ఎప్పుడూ కాదు. పొద్దున్నే ఎక్కువ."

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"స్కాన్ తీయించుకో."

"అయిదు వారాల్లో పోటీ ఉంది బావా. దీనికోసం తొమ్మిదేళ్ళు పడ్డాను. ఆ తొమ్మిదేళ్ళూ నన్ను చాప మీద పడేసి నేర్పింది నువ్వే. అదయ్యాక తీయించుకుంటా."

"అదయ్యాక ఇంకోటి ఉంటుందిరా."

"నువ్వు ఆగావా?" చిన్నోడు గట్టిగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "నా వయసులో నీకు ఎవరైనా చెబితే ఆగేవాడివా?"

ఉడుము ఆలోచించాడు. రోలు ఆడడం మానేసినప్పుడు తనకి ఇరవై ఎనిమిది. ఆ మర్నాడు పొద్దున కూడా నెత్తి మీద ఊగాడు. "లేదు," అన్నాడు.

"మరి?"

 చిన్నోడు లేచి సంచి భుజానికి తగిలించుకున్నాడు. "అక్కకి చెప్పకు," అని వెళ్ళిపోయాడు.

అక్కకి చెప్పాడు. ఆమె ఫోను తీసుకుని వసారాలోకెళ్ళి చాలాసేపు మాట్లాడింది. మొదట బతిమాలింది, తర్వాత తిట్టింది, చివరికి అవతలివాడు పెట్టేసిన ఫోనుని చేతిలో పట్టుకుని లోపలికొచ్చింది.

పోటీకి రెండు వారాల ముందు నిర్వాహకుల దగ్గర్నుంచి ఒక కాయితం వచ్చింది. ఆటగాడికి దాచిన గాయాలేవీ లేవని ఆటగాడూ శిక్షకుడూ సంతకాలు చెయ్యాలి. చిన్నోడు దాన్ని తెచ్చి బల్ల మీద పరిచి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఉడుము పెన్ను తీసుకోలేదు.

"పట్టుకోవడం కష్టంగా ఉందా? ఇలా ఇవ్వు, నేను చెయ్యి పట్టి పెట్టిస్తా."

"చెయ్యి సంగతి కాదురా."

చిన్నోడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "బావా."

"నేను పెట్టను."

"పదకొండుసార్లు పెట్టావు కదా! అప్పుడు నీకు తెలీదా నా వేళ్ళు ఎలా ఉన్నాయో? రోజూ నన్ను చూస్తూనే ఉన్నావ్ కదా!"

"చూశాను. చూసింది తెలియలేదు."

చిన్నోడు కాయితం మడత పెట్టుకున్నాడు. కోపంలో వంకరగా మడిచి, మళ్ళీ విప్పి, సరిగ్గా మడిచి జేబులో పెట్టుకున్నాడు. హాల్లో ఇంకో శిక్షకుడున్నాడు, గుద్దులు నేర్పేవాడు. సాయంత్రానికల్లా అతని సంతకం పడింది. నిర్వాహకులకి ఫోను చేసి చెప్పేద్దామా అని ఉడుము రెండు రోజులు ఆలోచించాడు. నంబరు తీశాడు కూడా. వేలు నొక్కిన చోటు తప్పిపోయి ఇంకెవరికో వెళ్ళింది. ఎవరో "హలో, హలో" అన్నారు. పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు. చెయ్యాల్సింది అని తర్వాత భార్యతో ఒకసారి అన్నాడు. 

ఆపరేషన్, పోటీ ఒకే వారంలో పడ్డాయి. పోటీ జరిగిన సాయంత్రానికి ఉడుము మెడపట్టీతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. గొంతులో ఇటుక ముక్క ఇరుక్కున్నట్టుంది. భార్య పక్కనే కూర్చుని చెంచాతో పల్చటి గంజి పోస్తోంది. ఆమె ఫోను బల్ల మీద బోర్లించి పెట్టింది. అది రెండుసార్లు కదిలింది. మూడోసారికి తీసి చూసింది.

"గెలిచాడు," అంది. "రెండో రౌండులో. మెడ పట్టుతో అట."

"దెబ్బలు?"

"ఏం లేవట." చెంచా మళ్ళీ ముంచింది. "నాకు సంతోషంగా ఉండాలి కదండీ?"

అతను ఎక్కువ మాట్లాడలేడు గనక చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు కంటితో చూసుకున్నాడు.

కాళ్ళు కుదుటపడ్డాయి. రెండు నెలలకి చెప్పులు జారిపోవడం తగ్గింది. వేళ్ళు మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే అక్కడే ఆగిపోయాయి. జేబులో ఏముందో ఇప్పటికీ తీసి చూడాల్సిందే. భార్య పొద్దున చొక్కా గుండీలు పెట్టి, సాయంత్రం విప్పేది. మొదట్లో ఇద్దరూ వేరే ఏదో మాట్లాడుకుంటూ ఆ పని కానిచ్చేవాళ్ళు. తర్వాత్తర్వాత మాటలు కూడా అవసరం పడలేదు.

హాల్లో అతనికి గోడ వారగా ఒక కుర్చీ వేశారు. చాప మీదికి దిగకుండా నోటితోనే నేర్పేవాడు. పట్టు చూపించాల్సి వస్తే పిడుగు చూపించేది. వచ్చినవాళ్ళందరికీ మొదటిరోజే ఒకటి చెప్పేవాడు: తట్టేటప్పుడు నోటితో కూడా అరవండి. ఎందుకని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేవాడు. మోకాళ్ళ మీద కూర్చున్న పాతికేళ్ళవాళ్ళు శ్రద్ధగా విని తలూపి, లేచి ఒకరి మెడలొకరు పట్టుకునేవాళ్ళు.

నాలుగు నెలలు చిన్నోడు అటువైపు రాలేదు. వేరే హాల్లో సాధన చేస్తున్నాడని తెలిసింది. అక్కతో ఫోనులో మాట్లాడేవాడు. బావ ఊసు ఎత్తేవాడు కాదు. ఒక పొద్దున్న, వ్యాయామాలు మొదలవుతుండగా, తలుపు తోసుకుని వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"స్కాన్ తీయించుకున్నా," అన్నాడు.

"ఏమన్నారు?"

"నీకు ఎక్కడుందో అక్కడే. నీదంత కాదట, ఇంకా."

"ఆట?"

"రెండు పోటీలు ఒప్పుకున్నా."

"ఆడతావా?"

"ఆడతా."

ఉడుము తలూపబోయాడు. మెడ కదల్లేదు. ఆడొద్దని అనడానికి మాటలన్నీ వరసగా ఉన్నాయి. స్కాన్ బొమ్మలు ఉన్నాయి, రోలు ఉన్నాడు, తనున్నాడు. అవన్నీ వాడికి తెలుసు. తెలిసే వచ్చి కూర్చున్నాడు. "మీ అక్కకి నువ్వే చెప్పు," అన్నాడు.

"చెప్పా. ఏడ్చింది. భోజనానికి రమ్మంది."

చాప మీద ఒకరికి జంట తక్కువైంది. పిడుగు చెయ్యూపి పిలిచింది. చిన్నోడు బావ వంక చూశాడు. ఉడుము వెళ్ళమనలేదు, వద్దనలేదు. వాడు బూట్లు విప్పి, ఎడమ చెయ్యి రెండుసార్లు దులుపుకుని, చాప మీదికి వెళ్ళాడు. కాసేపు ఇద్దరూ ఒకరి చేతులొకరు కొట్టుకుంటూ తిరిగారు. చిన్నోడు కిందినుంచి దూరి, పిడుగు వెనక్కి చేరి, మెడ చుట్టూ చెయ్యి చుట్టాడు. అలా పట్టి ఉంచి కుర్చీ వైపు తలెత్తాడు.

"బావా, సరిగ్గా ఉందా?"

ఉడుము ముందుకి వంగి చూశాడు. మోచెయ్యి గడ్డం కిందికి సరిగ్గా చేరింది. భుజాలు కిందికి దిగి ఉన్నాయి. లాగుతున్నది చేతులతో కాదు, వీపుతో.

"ఉంది," అన్నాడు.

"చాలు, చాలు," అని నోటితో అరుస్తూ పిడుగు తట్టింది. చిన్నోడు వదిలాడు. మళ్ళీ మొదలుపెట్టారు.